బ్రేకు తొక్కే కాలు

జంగయ్యకు ఓర్వలేనితనం పుట్టుకతో వచ్చింది. పక్కవాడి స్కూటర్ ఒక్క కిక్కుకు స్టార్టయినా మొహం మాడ్చుకునే మనిషి. పదిహేనేళ్లు అతని షెడ్డు పక్కనే స్పేర్‌పార్ట్స్ కొట్టు నడిపాను కాబట్టి చెబుతున్నాను. పనిమంతుడు కాదనను. శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డు మీద మారుతీ బ్రేకులంటే జంగయ్యే. కానీ ఆ పేరులో సగం అతని భార్య రేణుకమ్మది. అదే అతనికి మింగుడుపడేది కాదు.

బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు కార్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి, బుడగలతో బ్రేక్ ఆయిల్ చిమ్మగానే బిగించాలి. బిగించకముందే కాలు లేచిందా, పోయిన గాలి మళ్లీ లోపలికే. ఇల్లు షెడ్డు వెనకే. జంగయ్య కేకేస్తే రేణుకమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, చెప్పులు కారు పక్కన విడిచి, లోపల కూర్చునేది. "ఇంక మెత్తగనే ఉన్నది, ఇంకోపారి" అనేది. ఆమె "ఇగ చాలు" అన్నాక ఏ బండీ తిరిగి రాలేదు.

తొంభై ఆరు ఎండాకాలంలో బ్యాంకు మేనేజరు వీరరాఘవులుగారు బాగయిన తన మారుతీ ఎక్కుతూ నవ్వుతూ ఒక మాటన్నారు.

"జంగయ్యా, నీ చేతికన్నా మీ ఆవిడ కాలికే పని బాగా తెలుసయ్యా."

కారు మలుపు తిరగ్గానే జంగయ్య భార్యవైపు తిరిగాడు. "రేపటి సంది షెడ్డుకు రాకు."

"ఎందుకు?"

"నలుగురు మొగోళ్లు తిరిగే జాగ."

ఆ నలుగురూ పదేళ్లుగా తిరుగుతూనే ఉన్నారు. పెళ్లాం పేరు చూసి కుళ్లుకునే మొగుణ్ణి మాత్రం నేను అప్పుడే చూశాను. రేణుకమ్మ పిన్నీసు పెట్టిన నీలం చెప్పులు తొడుక్కుని లోపలికి పోయింది.

ఆమె కాలి బదులు కట్టె వచ్చింది. పెడల్‌కూ సీటుకూ మధ్య కట్టెను ఇరికించి ఒక్కడే పని కానిచ్చేవాడు. నట్టు వదలగానే పెడల్ దిగుతుంది, కట్టె జారుతుంది, పెడల్ లేచి గాలిని మింగుతుంది. బండ్లు ఒక్కొక్కటే వెనక్కి రాసాగాయి. రెండు నెలలకు బ్రేక్ ఆయిల్ మార్పించుకున్న వీరరాఘవులుగారూ మర్నాడే తిరిగొచ్చారు.

"పిండిలో కాలు పెట్టినట్టుందయ్యా."

"అలవాటైతది సార్" అన్నాడు జంగయ్య.

ఆయన అలవాటు చేసుకోలేదు. పాల్మాకుల దగ్గర కొత్తగా షెడ్డు పెట్టిన యాసిర్ దగ్గరికి పోయారు. దుబాయిలో నాలుగేళ్లు పనిచేసి వచ్చినవాడు యాసిర్. వారం తర్వాత మేనేజరుగారు నా కొట్టు ముందు కారాపి, జంగయ్యకు వినపడేలా చెప్పారు. "ఫారిన్ ప్యాడ్లు వేశాడండీ బుచ్చయ్యగారూ! పెడల్ రాయిలా ఉంది."

జంగయ్య చేతిలో పాన పడేసి నా కొట్టుకు వచ్చాడు. "ప్యాడ్లతోని పెడల్ గట్టిపడుడేందన్నా? ప్యాడు బండిని ఆపుతది. పెడల్ సంగతి ఆయిల్‌ది, గాలిది" అని నా మీద అరిచాడు. అక్షరాలా నిజం. అయినా మూడో రోజు వచ్చి, "యాసిర్ ఏసిన ప్యాడ్లు నీ తాన ఉన్నయా?" అని గొణిగాడు. తనకు లేదని ఏడిస్తే ఒక కన్ను, ఎదుటివాడికి ఉందని ఏడిస్తే రెండో కన్ను పోయిందట. మా జంగయ్య ఆ రెండో కంటి దాకా వచ్చాడు.

నేను తెప్పించిన ఆ ప్యాడ్లు ముందు పడింది నా పాత మారుతీకే. గాలి మళ్లీ కట్టెతోనే తీశాడు. తోలి చూశాను. బండి మునుపటికన్నా తొందరగా ఆగిన మాట వాస్తవం. పెడల్ మాత్రం అదే పిండి.

"వాడేందో మతలబు చేస్తున్నడు. పా, చూసొద్దాం" అన్నాడు. నా బండిలోనే పోయాం.

యాసిర్ షెడ్డు రేకుల కింద ఒక కారు నిలబడి ఉంది. జంగయ్య ముందు చూసింది దాని పక్కన విడిచిన చెప్పుల్ని. నీలం పట్టీలు, ఒకదానికి పిన్నీసు. అంతలో లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఇంక మెత్తగనే ఉన్నది యాసిర్, ఇంకోపారి."

జంగయ్య మొహం నల్లబడింది. యాసిర్ చక్రం దగ్గరనుంచి గబుక్కున లేచాడు. "అక్కను నేనే బతిమాలిన జంగన్నా. మేనేజర్ సాబ్ బండికి ఎంత మంచి ప్యాడ్లు ఏసినా పెడల్ లేవలే. అక్క తొక్కినంకనే సెట్టయింది."

జంగయ్య వాడి వంక కూడా చూడలేదు. "చెల్లె ఇంటికి పోతున్న అన్నవ్ గదా?"

"పోతున్న. పొయ్యేటప్పుడు ఈడ ఆగుతున్న."

"నేను వద్దనలే?"

"నీ షెడ్డుకు రావొద్దన్నవ్. వచ్చిన్నా?"

"వీడు పిలిస్తే వస్తవా?"

"పిలిచినోళ్ల తానికే పోత. నువ్వు పిలువలే గదా."

జంగయ్య కారు తలుపు దాకా పోయాడు. కొడతాడేమోనని నాకు భయమేసింది. రేణుకమ్మ మాత్రం సీట్లోనుంచి కదల్లేదు. కదిలే వీల్లేదు, కింద నట్టు వదులుగానే ఉంది.

"ముందుగాల ఆ నట్టు బిగియ్యిన్రి. కాలు గుంజుతున్నది."

యాసిర్ బిత్తరపోయి నిలబడ్డాడు. వంగింది జంగయ్యే. అంత కోపంలోనూ చెయ్యి పాన మీదికి దానంతటదే పోయింది. బిగించి, "ఇగ విడువు" అన్నాడు. ఆమె విడిచింది. "ఇంకోపారి" అంది. నాలుగు చక్రాలూ అయ్యేదాకా వాళ్లిద్దరూ వేరే మాట మాట్లాడలేదు.

మర్నాడు జంగయ్య నా కారుకు వేసిన ఫారిన్ ప్యాడ్లు ఊడదీసి పాతవే వేశాడు. షెడ్డు వెనక్కి తిరిగి, నలుగురూ వినేలా "రేణుకా" అని పిలిచాడు. సాయంత్రానికి పెడల్ రాయి. మేనేజరుగారు వచ్చి తొక్కి చూసి, ఏం ప్యాడ్లని అడిగారు. జంగయ్య పన్ను పీకించుకుంటున్నవాడిలా నిలబడి చెప్పాడు.

"పాతవే సార్. కాలు మా ఇంటామెది."

అంతటితో మారిపోయాడనుకుంటే మీరు జంగయ్యను ఎరగనట్టే. రేణుకమ్మ తిరిగి వచ్చింది గానీ ఒక షరతు పెట్టింది, మంగళవారాలు యాసిర్ షెడ్డుకు పోతానని. ఆ రోజు జంగయ్య ఏ బండి బ్రేకూ ముట్టడు. పావుగంటకోసారి నా కొట్టు మెట్టెక్కి, పాల్మాకుల రోడ్డు వైపు చూస్తాడు.

"టైమెంతయిందన్నా?" అంటాడు, చేతికి గడియారం పెట్టుకునే.