దొరకిచ్చిన ఆదివారం

దొరను చూడకముందే నాకు దొర మీద కుళ్లు పుట్టింది.

అప్పట్లో నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఇంగ్లీషు బడిలో పంతుల్ని. కొత్తగా చేరాను. బడి యజమాని కోర్టు గుమాస్తాగా పనిచేసి మానుకున్నాయన. తన మిద్దె ఇంటి ముందు భాగంలోనే బడి నడిపేవాడు. షావుకార్ల కొడుకులు, సర్కారు కచేరీలో కొలువు మీద ఆశ ఉన్న కుర్రవాళ్లు వచ్చి చదువుకునేవాళ్లు. నాకు అంతకు ముందు పాఠం చెప్పిన అనుభవం లేదు. కడప దగ్గర మా పల్లెలో మిషన్ బడిలో చదివి, ఎలాగో మెట్రిక్ గట్టెక్కాను. నేను ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాయగలనని యజమానికి తెలుసు. కొత్తవాణ్ని కాబట్టి ఏం చెప్పినా చేస్తానని ఇంకా బాగా తెలుసు.

పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టేదాకా పాఠాలే. మధ్యలో ఆయన దగ్గరికి వచ్చేవాళ్లకు అర్జీలు రాసిపెట్టాలి, ఆయన మనవళ్లచేత అక్షరాలు దిద్దించాలి. కచేరీవాళ్లకు తీరిక దొరికేది ఆదివారమే గనక ఆ రోజు బడి ఇంకా ఎక్కువసేపు ఉండేది. మేం మా తాత కాలం నుంచీ క్రైస్తవులం. మా ఊరి చర్చిని గుడి అనే అంటాం. ఇల్లు వదిలేటప్పుడు మా అమ్మ, "ఏం తిన్నా తినకపోయినా ఆదివారం మాత్రం గుడికి పో నాయనా" అంది. చేరిన వారంలోనే యజమానిని సెలవు అడిగాను.

"ఏమప్పా, పని చేసేదానికి వచ్చినావా, పండగలు చేసుకునేదానికి వచ్చినావా?" అన్నాడాయన. మళ్లీ అడగలేదు.

ఎండలు ముదరకముందు ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "ఇంగ్లాండు సీమ నుంచి దొర వస్తాండాడప్పా. మన బళ్లో ఇంగ్లీషు చెప్తాడు. నీ పెట్టె కిందికి దింపుకో" అన్నాడు. మేడ మీద నేనుండే గదికి తుంగభద్ర వైపు కిటికీ ఉండేది. సాయంత్రమైతే గాలి వచ్చేది. ఆ గదికి సున్నం కొట్టించారు, మంచం వేయించారు, చేతుల కుర్చీ తెప్పించారు. నేనేమో పెట్టె దింపుకుని, పిల్లలు పాఠాలు చదివే బల్లల మధ్య చాప పరుచుకున్నాను.

వచ్చిన దొరకు నా ఈడే ఉంటుంది. సన్నగా, చెవులు ఎర్రగా కమిలిపోయి ఉన్నాడు. చెన్నపట్నంలో ఏదో వర్తక కంపెనీలో పని ఇస్తామంటే ఓడెక్కి వచ్చాడట. తీరా వచ్చేసరికి ఆ పని లేదు. పాఠం చెప్పడం అతనికీ కొత్తే. ఆ సంగతి నాకు అతనే చెప్పాడు. యజమాని మాత్రం, "దొర నోట్లోనుంచి వచ్చేదే ఇంగ్లీషు. ఆయనకు నేర్పేదేముంది?" అని ఊరంతా చెప్పుకున్నాడు. నెల తిరక్కుండా బడి నిండిపోయింది.

అతను చేసేదల్లా పుస్తకం పట్టుకుని చదవడమే. కుర్రవాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "సారూ, దొర ఏం చదివినాడు?" అని అడిగేవాళ్లు. నేను మాట మాటకూ అర్థం చెప్పేవాణ్ని. అంతా విని, "ఏమైనా దొర చదివితే పాట మాదిరి ఉండాది" అనేవాళ్లు. నా గొంతు నాకే చేదుగా ఉండేది. అతను పలికినట్టు పలకాలని నదిలో ఇసుక తిన్నెల మీద ఒక్కణ్నే తిరుగుతూ పలికి చూశాను. నా నోటికి ఆ తీరు పట్టుబడలేదు. దానికీ అతని మీదే కోపం వచ్చింది.

ఇవన్నీ ఓర్చుకున్నాను గానీ ఆదివారం సంగతి ఓర్చుకోలేకపోయాను. వచ్చిన రెండో వారమే దొర యజమానితో, "ఆదివారం నేను పని చెయ్యను, చర్చికి పోవాలి" అన్నాడు. "దానికేమి దొరా, తప్పకుండా!" అని యజమాని జట్కా కూడా మాట్లాడిపెట్టాడు. వాకిట్లో దొర జట్కా ఎక్కుతుంటే నేను లోపల కచేరీ గుమాస్తాలకు క్రియాపదాలు వల్లె వేయిస్తున్నాను. దూరంగా గంట వినిపించింది. నేను పుట్టినప్పటినుంచీ మొక్కిన దేవుడు సెలవు అతనికిచ్చి నాకు ఇవ్వలేదు. దేవుడి విషయంలో కూడా అసూయపడవచ్చునని ఆ రోజే తెలిసింది.

కొన్ని వారాల తర్వాత జట్కావాడు మాటల్లో, "దొర గుడికి యాడ పోతాడు సారూ? ఏటి గట్టున దింపమంటాడు. గాలం వేసుకుని కూచుంటాడు" అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే మేడెక్కాను. మా మాటలు ఇంగ్లీషులోనే సాగాయి.

"చేపలు పట్టేదానికా మీకు ఆదివారం?" అన్నాను.

అతను ఉలిక్కిపడ్డాడు. "వారమంతా యజమాని నన్ను షావుకార్ల ఇళ్లకు, పెళ్లిళ్లకు తిప్పి బొమ్మలా కూర్చోబెడుతున్నాడు. ఒక్కరోజైనా ఎవరూ చూడని చోట ఉండాలనిపించింది. అయినా నీకెందుకింత కోపం?"

"నేను క్రైస్తవుణ్ని. నాకు ఆ సెలవు లేదు."

"నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

మరుసటి ఆదివారం పొద్దున్నే దొర యజమాని దగ్గరికి పోయి, చర్చిలో ప్రసంగం తెలుగులో ఉంటుందనీ, అర్థం చెప్పేదానికి నేను పక్కన ఉండాలనీ అడిగాడు. యజమాని మొహం ముడుచుకున్నా కాదనలేకపోయాడు. ఇద్దరం ఒకే జట్కాలో పోయాం. అది నాకు సంతోషం కావలసిన రోజు. కానీ గుళ్లోకి అడుగు పెట్టగానే పెద్దలు లేచి దొరకు ముందు వరసలో కుర్చీ వేశారు. నేను అందరితో పాటు చాప మీద కూర్చున్నాను. పాటలు మొదలయ్యాక నాకొచ్చినంత గట్టిగా పాడాను. అతనికి ఒక్క ముక్క రాదు. ఆ కాసేపు నా ప్రాణం నిమ్మళించింది. బయటికి వస్తుంటే ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, "బాగా పాడినావు నాయనా. దొరకు దుబాసివా?" అని ఆప్యాయంగా అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు దొర ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు రావలసిన సెలవు అతని చేతి మీదుగా రావడం, ఇవ్వకపోవడం కన్నా ఎక్కువ నొప్పించింది.

ఎండాకాలం దొరను పడగొట్టింది. ఒళ్లంతా చెమటకాయలు, ఆపైన జ్వరం. అయినా యజమాని, "ఊరికే కుర్చీలో కూచో దొరా, చాలు" అని కిందికి దింపేవాడు. ఒకరోజు పుస్తకం చదువుతూనే బల్ల మీద వాలిపోయాడు. నేనూ ఇద్దరు కుర్రవాళ్లూ మేడ మీదికి మోసుకుపోయాం. నేను తడిగుడ్డ వేస్తూ కూర్చుంటే, "నువ్వు ఇంటికి పోవాలంటే రైలెక్కితే చాలు కదా" అన్నాడు. ఆ మాటలో ఉన్న దిగులు నాకు అర్థమైంది. అయినా మనసు కరగలేదు. కిటికీలోనుంచి ఏటి గాలి వస్తోంది, అది నా గది అనే అనుకుంటున్నాను.

కాస్త తేరుకోగానే అతను చెన్నపట్నం వెళ్లిపోయాడు. తర్వాత కొండల మీద దొరల పిల్లల బడిలో పని దొరికిందని విన్నాను. అతని పాఠాలూ నా నెత్తిన పడ్డాయి. "దొర యాడ?" అంటూ కుర్రవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. ఆదివారం సెలవు అడిగితే యజమాని, "దొర పోయినాడు గదప్పా, ఇంగ నీకు గుడి ఏమిటికి?" అన్నాడు.

నేను పెట్టె సర్దుకున్నాను. డోనులోనూ గుత్తిలోనూ బండి మారి కడప చేరుకుని, మా పల్లె బడిలోనే అయ్యవారినయ్యాను. ఈసారి నాకూ ఆదివారాలుండేవి.

చాలా ఏళ్ల తర్వాత కడప స్టేషన్లో ఒక తాలూకా గుమాస్తా నన్ను గుర్తుపట్టి చేతులు జోడించాడు. కర్నూలులో నా దగ్గర చదివినవాడే. అక్షరం అక్షరం కూడబలుక్కునే దశ నుంచి అర్జీ రాసేదాకా నేనే నేర్పాను. పక్కనున్న స్నేహితుడితో అతను గర్వంగా, "ఈ సారుది మా బడేనప్పా. నాకు ఇంగ్లీషు చెప్పింది మాత్రం శానా పెద్ద దొర!" అన్నాడు.

"అవును, బాగా చదివేవాడు" అన్నాను.