అత్తమ్మ కాయను వద్దన్న సముద్రం

మొన్న గొడుగు కొందామని ఆబిడ్స్ వెళితే, ఆటవస్తువుల దుకాణం ముందు నారింజరంగు లైఫ్ జాకెట్ ఒకటి వేలాడుతూ కనిపించింది. ఊళ్లో సముద్రం లేదు, హుస్సేన్‌సాగర్‌లో ఎవరూ ఈదరు. దీన్నెవరు కొంటారా అని నవ్వుకున్నాను. అంతలో మా మేనత్త గుర్తొచ్చి, గొడుగు సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాను.

ఆ పక్క గల్లీలోనే ఆమెకు చీర ఫాల్స్, లైనింగ్ గుడ్డలు అమ్మే చిన్న దుకాణం ఉండేది. నలభై ఏళ్లు నిలబడి గుడ్డ కొలిచి కొలిచి మోకాళ్లు అరగదీసుకుంది. ఆపరేషన్‌కు ముందు దవాఖాన మంచం మీద నా చెయ్యి పట్టుకుని, "మళ్ల మంచిగ నడిస్తే సముద్రం చూస్తనే, కొబ్బరికాయ ఇస్త" అని మొక్కింది. అప్పటికి ఆమె చూసిన పెద్ద నీళ్లంటే హుస్సేన్‌సాగర్, అఫ్జల్‌గంజ్ వంతెన మీంచి కనిపించే మూసీ, అంతే. నడిచింది. ఇంక ఆగుతుందా? నాంపల్లి స్టేషన్ బయట కాయ కొని, నన్ను వెంటేసుకుని విశాఖ రైలెక్కింది. "అక్కడ దొరకవా అత్తమ్మా?" అంటే, "మొక్కిన ఊరి కాయే ఇయ్యాలె" అంది. కొబ్బరితోటల సీమకు కొబ్బరికాయ మోసుకెళ్లిన ఘనత మా ఇంటిదే.

రుషికొండ తీరంలో పొద్దున్నే సందడి. పచ్చటి కొండ కింద నీలం నీళ్లు. సర్ఫింగ్ పలకల మీద బోర్లా పడుకుని అలలకు ఎదురెళ్లేవాళ్లు, లేచి నిలబడి రెండు క్షణాల్లో దబ్బున పడేవాళ్లు, పడి నవ్వేవాళ్లు. మేనత్త కాయకు పసుపు, కుంకుమ పెట్టి, దండం పెట్టి విసిరింది. అల దాన్ని తెచ్చి ఆమె కాళ్ల దగ్గరే పెట్టింది. మళ్లీ విసిరింది, మళ్లీ వచ్చింది. మూడోసారికి నాకు నవ్వాగలేదు. ఆమె ముఖం చూసి నోరు మూసుకున్నాను. కళ్లనిండా నీళ్లు. "ఏందే గిది, నా మొక్కు వద్దంటున్నది. మోకాళ్లు మళ్ల పోతయేమో" అంది.

అక్కడ పలక మీద నిలబడడం నేర్పే ఆయన, ఆ ఊరి మత్స్యకారుల ఇంటి మనిషి, ఇదంతా చూసి దగ్గరికొచ్చాడు. "అల విరిగే కాడ ఏస్తే ఎనక్కే వచ్చేస్తాదమ్మా. లోపలికెళ్లి వదలాల. కయాక్ ఎక్కండి, నేనుంటాను" అన్నాడు. నేను వద్దనేలోపే మేనత్త చీర గోచి పెట్టి, దాని మీద నారింజరంగు జాకెట్ తొడిగించుకుంది. కాయ ఆమె ఒళ్లో, వెనక తెడ్డుతో ఆయన. మొదటి అలకు ఆ చిన్న పడవ ముక్కు ఆకాశం వైపు లేచింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒడ్డున నిలబడి నేనూ ఒక కాయ మొక్కుకున్నాను, ఎవరికీ చెప్పలేదు.

అలలు దాటాక చెయ్యెత్తి ఊపింది. కాయ తిరిగి రాలేదు. ఆమె వచ్చింది, తల నుంచి కాళ్ల దాకా తడిసి ముద్దయి. దిగుతూనే, "మొక్కు గిక్కు అయిపోయింది గని, జర ఇంకోసారి పోయొస్తనే" అంది.

ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. నలభై ఏళ్ల దుకాణం గురించి అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. నీళ్ల మీది ఆ పావుగంట చెప్పడానికి మాత్రం పూటంతా చాలదు. గొడుగు కొనలేదు, ఆ జాకెట్ కొనుక్కుని ఇంటికొచ్చాను. నా మొక్కు ఇంకా తీరలేదు కదా. మనిషి బతికిన కాలమంతా ఏళ్లలోనే ఉంటుందనుకునేదాన్ని. పావుగంటలో కూడా ఉంటుంది.