చీర పార్సెల్లో చక్కెరకేళి

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని ఆ మధ్యకాలంలో మనిషికి తెలివి కాస్త ఎక్కువగా పనిచేస్తుంది. (ఉద్యోగం వచ్చాక సర్దుకుంటుంది, భయం లేదు.) నా తెలివి అలా విజృంభించిన రోజుల్లోనే ఫోన్లో పాత బట్టల దుకాణం తెరిచాను. సీతమ్మధారలో మా ఇంటి బీరువాల నిండా అమ్మవీ అక్కవీ ఒకటి రెండుసార్లు కట్టి మడతపెట్టేసిన చీరలు ఉండేవి. వాటిని స్టీలు సామాన్లవాడికి వేసి గిన్నెలు తీసుకోవడం అమ్మ పద్ధతి. గిన్నెలు పెరిగి పెరిగి వంటింట్లో మనిషి నిలబడే చోటు లేకుండా పోయింది. అదే ఫోటో తీసి యాప్‌లో పెడితే ఎవరో ఒకరు కొనుక్కుంటారు కదా అని నా వాదన. దుకాణానికి అక్క పేరు పెట్టాను. మగవాడు చీరలమ్ముతానంటే ఎవరు నమ్ముతారు?

కొనేవాళ్లంటే నాకు తెగ కుతూహలం. పొద్దున్న లేచేసరికి ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ప్రశ్నలు వచ్చి ఉండేవి. "అక్కా, ఫోటోలో రంగేనా, బయట వేరేనా?" "అక్కా, ఏ ఫంక్షన్‌కి కట్టారు?" "అక్కా, ఒకసారి కట్టుకుని చూపించరా?" (ఈ చివరిదానికి మాత్రం ఒంట్లో బాగాలేదని రాసేవాణ్ని.) ఇంత విచారణ చేసి కొన్నవాళ్లు కూడా తిప్పి పంపేవారు. ఒకావిడ మా అక్క చీర ఏదో పెళ్లికి కట్టుకెళ్లి, భోజనం చేసి, పప్పు మరకతో సహా "రంగు నచ్చలేదు" అని వెనక్కి పంపింది. ఆ పెళ్లి ఎవరిదో, ఇంకా ఏం వడ్డించారో అని చాలాసేపు ఆలోచించాను. చివరికి యాప్ వాళ్ల దగ్గర్నుంచి హెచ్చరిక వచ్చింది, ఇంకొక్క పార్సెల్ తిరిగొస్తే దుకాణం మూసేస్తామని. నాన్న పోర్టు డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా తీర్పు చెప్పేశారు. "మూసేస్తే మూసెయ్యనీ. గాజువాకలో మావయ్య లారీ ఆఫీసులో కూర్చుందువు గాని." ఆ ఆఫీసులో పనంటే పొద్దస్తమానం డ్రైవర్లకు ఫోన్ చేసి "ఎక్కడున్నావ్" అని అడగడం. తలుచుకుంటేనే ప్రాణం ఉసూరుమంది.

సరిగ్గా అప్పుడే అమ్మ మామిడిచిగురు రంగు పట్టుచీరకు ఆర్డరొచ్చింది. మా సిటీకి పక్కనే, పద్మనాభం దగ్గర పల్లె. ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న: "అక్కా, దాని మీద ధర చీటీలాంటిది ఏమీ ఉండదు కదా?" ధర చీటీ వద్దనే మనిషిని అదే మొదటిసారి చూడటం. ఎందుకై ఉంటుందా అని బుర్ర గోక్కుంటూనే చీర ఇస్త్రీ చేయించి, కవర్లో పెట్టి, స్నానం చేసొచ్చి కొరియర్ కొట్టుకు పట్టుకెళ్లాను. ఆ కొట్టాయన్ని మా వీధిలో అందరూ టేపు బావ అనేవారు. చేతికి ఏది దొరికినా టేపు చుట్టందే వదిలేవాడు కాదు.

సాయంత్రం కాఫీ ఇస్తూ అమ్మ తీరిగ్గా చెప్పింది. "నువ్వు స్నానంలో ఉండగా చీరలో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, ఓ చక్కెరకేళి పెట్టానురా. ఆడపిల్ల ఇంటికి చీర వెళ్తుంటే ఉత్తినే ఎలా పంపుతాం?" మా అమ్మది గోదావరి జిల్లా.

"అమ్మా, అది అమ్మకం! పండు కుళ్లితే చీర ఏం కాను?"

"ఆ మాత్రం నాకు తెలీదా? పచ్చికాయే పెట్టాను. వెళ్లేసరికి పండుతుంది."

టేపు బావ దగ్గరికి పరిగెత్తాను. "స్కాన్ అయిపోనాక అది నీదీ కాదు, నాదీ కాదు బావా. బండెక్కి ఎల్లిపోనాది. పద్మనాభమే కదేటి, రేపటికి సేరిపోద్ది" అన్నాడు. చేరలేదు. ఫోన్లో చూస్తే విజయవాడలో ఉంది. ఆ తర్వాత హైదరాబాదులో ఉంది. సీతమ్మధారలో బస్సెక్కితే తిన్న ఇడ్లీ అరగకముందే చేరే ఊరికి, ఆ అరటికాయ దేశాటన చేసి వెళ్తోంది. "పెద్ద గొడౌన్‌కి ఎల్లొస్తేనే పార్సెలు. అదంతే బావా" అన్నాడు టేపు బావ. ఈపాటికి ఎంతవరకు పండి ఉంటుందో అని అమ్మ రోజూ ఆసక్తిగా అడిగేది.

ఎట్టకేలకు ఇవాళ ఇస్తామని ఫోన్లో కనిపించిన పొద్దున, నేనూ పద్మనాభం బస్సెక్కాను. ఆవిడ విప్పేలోపు కాళ్లావేళ్లా పడి పండు తీసేద్దామని నా ప్లాను. నేను చేరేసరికి డెలివరీ బండి వెనక్కి తిరుగుతోంది. అరుగు మీద ఒకావిడ కత్తెరతో కూర్చుంది. పక్కన అత్తగారు. "ఆగండాగండి! ఆ పార్సెల్ పంపింది నేనే!" అని వీధిలోంచే అరిచాను.

పెద్దావిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఏటే, పుట్టింటి నుంచి సీరొత్తాదని సెప్పినావు గానీ తమ్ముడొత్తాడని సెప్పలేదేటి?"

కోడలి చేతిలో కత్తెర ఆగిపోయింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నన్నే చూస్తోంది. ధర చీటీ ఎందుకు వద్దందో నాకు అప్పుడు అర్థమైంది. "అవునండి, తమ్ముణ్నే" అనేశాను.

పార్సెల్ విప్పారు. పండు నల్లగా కుళ్లి, జాకెట్టు ముక్కను తడిపి, చీర అంచు మీద కూడా మరక పెట్టింది. నాకు గాజువాక లారీలన్నీ వరసగా కనిపించాయి. పెద్దావిడ మాత్రం పసుపు పొట్లం చేతిలోకి తీసుకుని, "ఓలమ్మా, పసుపు, కుంకం, రవిక ముక్క, పండు! అన్నీ పెట్టినారే!" అంది. తర్వాత నావైపు తిరిగి, "అంతా బాగుంది గానీ బాబూ, సీరని కొరియర్లో పంపి, మడిసి ఉత్తి సేతుల్తో బస్సులో వచ్చినాడేటి?" అని అడిగింది. అన్నం పెట్టారు కాబట్టి తల వంచుకుని తిన్నాను.

బస్టాపు దాకా కోడలు నాతో వచ్చింది. అమ్మానాన్నా ఎప్పుడో పోయారట, తోడబుట్టినవాళ్లు లేరు. "తోటికోడళ్లకి పుట్టింటి సీరలొత్తాయి. నాను కొనుక్కుని, వచ్చిందని సెప్తాను. పసుపు కుంకంతో రావడం ఇదే" అంది, కళ్లు తుడుచుకుంటూ. నా జేబురుమాలు తీసిచ్చాను. అయినా ప్రాణం మీద తీపి ఉంటుంది కదా, మరక పడింది, తిప్పి పంపుతారా అని అడిగేశాను.

"పుట్టింటి సీర ఎవులైనా తిప్పి పంపుతారేటి?"

"పోనీ యాప్‌లో స్టార్లు ఏమైనా..."

"తమ్ముడికి మార్కులేత్తారేటి!" అని నవ్వింది.

ఆ తర్వాత పంపిన చీరే తిరిగొచ్చి దుకాణం మూతపడింది. లారీ ఆఫీసులో కూర్చున్నాను, ఇప్పటికీ కూర్చునే ఉన్నాను. సంగతంతా విన్న అమ్మ మాత్రం ఏటా ఒక కొత్త చీర కొని, పసుపు కుంకుమతో నా చేతికిచ్చి పద్మనాభం పంపుతుంది. అక్కడ తమ్ముడి వేషం బ్రహ్మాండంగా రక్తి కట్టిస్తున్నానని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మొన్న వెళ్లినప్పుడు కోడలు లోపల వడ్డన చూస్తుంటే పెద్దావిడ గొంతు తగ్గించి, "నువ్వు దానికి ఏటీ కావు కదా బాబూ?" అంది. నేను విస్తట్లోకి తల దించి అన్నం కలపసాగాను. "నాకు మొదటి రోజే తెలిసిపోనాది. నాకు తెలుసని దానికి సెప్పకు. వచ్చే ఏడు కూడా రా" అని, నా విస్తట్లో తనే ఇంకో గరిటెడు కూర వేసింది.