ధనలక్ష్మి చేసిన పడవల ఆట

దొరవారిసత్రంలో జిరాక్సు షాపు నడిపే ధనలక్ష్మికి ఆటలంటే ప్రాణం. చీర కొనడానికి ఆరు నెలలు ఆలోచించే మనిషి, రైలుమార్గాలు వేసే బోర్డు ఆట కనబడితే ఆరు నిమిషాల్లో ఆర్డరు పెట్టేస్తుంది. అష్టాచెమ్మా మొదలుకొని విదేశీ కార్డుల ఆటల దాకా ఆమె బీరువాలో నలభై పెట్టెలున్నాయి. ఇంగ్లీషు నిబంధనలన్నీ ఓపిగ్గా కూర్చుని తెలుగులో రాసుకుంది. అన్నిటికంటే ఇష్టం, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు పాత్రలై ఏం చేస్తారో చెప్పే ఆటలు. అలాంటిదొకటి మూడేళ్లు కష్టపడి తానే తయారుచేసింది: పులికాట్ సరస్సు మీద పడవల ఆట. కార్డులు షాపులోనే ముద్రించి లామినేషన్ చేసింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం సరస్సు ఒడ్డున ఉన్న తన పుట్టినూరి తుఫాను షెల్టరులో ఆడిస్తుంది. ఊళ్లో ఆడవాళ్లు, అక్షరం ముక్క రాని ఆమె తల్లి గురవమ్మతో సహా, వంట తొందరగా ముగించుకుని వచ్చేస్తారు. కొందరికి అది కంటగింపైంది. ఆడవాళ్లు పేకాట మరిగారని జాలరుల పెద్ద కామాక్షయ్య చెవిన వేశారు. ఆ ఊళ్లో ఆయన వద్దంటే ఇక వద్దే.

ఆయన వచ్చాడు. వెంట నలుగురు మగవాళ్లు తమాషా చూద్దామని గుమ్మంలో నిలబడ్డారు. వాళ్లను చూడగానే ధనలక్ష్మికి ఒళ్లు మండింది. రోజంతా సెల్‌ఫోనులో రమ్మీ ఆడేది వాళ్లే మరి!

“పేకముక్కలు ఊర్లోకి రాకూడదని కట్టు ఉంది గదమ్మే. ఆపెయ్,” అన్నాడు కామాక్షయ్య.

“ఒక్క ఆట ఆడండి పెదనాయనా. తప్పనిపిస్తే నేనే అన్నీ మూటగట్టుకుని పోతా.”



ధనలక్ష్మి ఆటలో ఆయనకో పడవ, గురవమ్మకో పడవ ఇచ్చింది. “కాలవలోకి రొయ్య వచ్చింది. ముందు వల ఎవరు వేస్తారో చూద్దాం,” అంటూ పాచిక వేసింది.

కామాక్షయ్య దిగ్గున లేచాడు. “ఎవురు రాసినారు ఇది? వంతు పాచికేసి తేల్చేదా యాడన్నా? ఏడాదికోసారి చీటీలేస్తాం. ఆ తర్వాత ఈరోజు ముందు పోయినోడు రేపు వెనక పోవాల. జాలరోళ్ల బిడ్డవై ఈ మాట మరిచినావా?”

ధనలక్ష్మి సిగ్గుతో చితికిపోయింది. కొన్న ఆటలన్నిట్లో మొదటి వంతు తేల్చేది పాచికే. ఆ అలవాటులో పడి, తన తండ్రి బతుకంతా పాటించిన కట్టునే వదిలేసింది. సాకులు చెప్పలేదు. పెన్ను తీసి ఆ నిబంధన కొట్టేసి, ఆయన చెప్పినట్టే రాసి చదివింది.

“సరిగా ఉందా పెదనాయనా?”

“ఊఁ,” అని ఆయన మళ్లీ కూర్చున్నాడు. చీటీలు వేస్తే మొదటి వంతు ఆయనకే వచ్చింది. ఇక చూడాలి ఆయన సంబరం! గాలి తిరిగిందంటే తెరచాప దించమని అరిచాడు, రొయ్య పడిందంటే తొడ చరిచాడు. గురవమ్మ పడవవాడికి జ్వరమని కార్డు వస్తే, తన వలలో పడిన దాంట్లోంచి ఆమెకూ వాటా ఇచ్చాడు. ధనలక్ష్మి నిబంధనల్లో ఆ సంగతే లేదు. గబగబా రాసుకుంది.

ఆట ముగిసింది. గుమ్మంలో ఒకడు గొంతు సవరించుకుని, “ఇంతకీ ఆపించేదేనా పెద్దాయనా?” అన్నాడు.

కామాక్షయ్య వాడి వంక చూడనైనా లేదు. “అమ్మే, వచ్చే ఆదివారం నా వంతు ఎన్నోది?”

“ఈరోజు ముందు పోయినారు గదా పెదనాయనా. వచ్చే వారం వెనకే.”

ఊరి పెద్దను వెనక నిలబడమన్న మనిషి ఆ ఊళ్లో అంతవరకూ లేదు. తన గొంతు వణకనందుకు ధనలక్ష్మికి గర్వంగా ఉంది.

“న్యాయమే,” అన్నాడాయన. గుమ్మం వైపు తిరిగి, “గుడ్లప్పగించి చూస్తారేంది? మన పిల్ల చేసిన ఆట ఇది. లోపలికొచ్చి నేర్చుకోండి!” అన్నాడు.