పటమట కేఫ్‌లో హాట్ చాక్లెట్

నేను హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. చెరువుల నుంచి వచ్చే రొయ్యల్లో మందుల అవశేషాలున్నాయో లేదో చూస్తాం. శాంపిల్ ఇస్తే పాసో ఫెయిలో చెప్తాం, మధ్యలో ఇంకో మాట ఉండదు. ఈ ఉద్యోగం వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఏ ప్యాకెట్ కొన్నా, అది హలాలో కాదో తేల్చే పని నాకే పడింది.

మొన్న వేసవిలో చెల్లి స్నేహితురాలి పుట్టినరోజు వచ్చింది. ఇంటర్ నుంచి ఇద్దరిదీ ఒకే బెంచీ. అంతకు ముందు ఏడాది ఆ అమ్మాయి బిర్యానీ హోటల్లో పార్టీ ఇస్తే, అక్కడి కోడి హలాల్ కాదని చెల్లి ఒక్కతే పెరుగన్నం తిని వచ్చింది. ఆ అమ్మాయి అది మర్చిపోలేదు. ఈసారి పటమటలో కొత్తగా పెట్టిన కొరియన్ డెజర్ట్ కేఫ్ చూసింది. బయట ప్యూర్ వెజ్ అని బోర్డు ఉంది కాబట్టి మాంసం గొడవే లేదనుకుంది.

"నీ కోసమేనే ఇక్కడ పెట్టుకుంది. తినకపోతే చంపేస్తా" అని ఆ అమ్మాయి చెల్లితో ఫోన్‌లో అంటుంటే నాకూ వినబడింది.

అమ్మకి మాత్రం నమ్మకం కుదరలేదు. "మాంసం లేకపోతే సరిపోద్దా? ఆ జెల్లీలూ అవీ దేంతో చేస్తారో! నువ్వు ముందెళ్ళి కనుక్కో. నీ మాట మీదే తింటది" అంది నాతో.

"తినొచ్చని చెప్పు అన్నయ్యా" అంది చెల్లి.

"చూడకుండా ఎలా చెప్తానే?"

"చూసే చెప్పు. కానీ తినొచ్చనే చెప్పు."

వాళ్ళకంటే ముందే వెళ్ళాను. కౌంటర్లో ఉన్నావిడే ఓనరు. విషయం చెప్పగానే నవ్వింది. "మాది ప్యూర్ వెజ్ అండీ. గుడ్డు కూడా వాడం."

"అది కాదండీ. జెలటిన్ అని ఉంటుంది. పందుల, పశువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీస్తారు. మార్ష్‌మాలోల్లో వేస్తారు, ఒక్కోసారి పాలు గడ్డకట్టించి తురిమే మీ పాల మంచు మెత్తగా రావడానికీ కలుపుతారు."

"అయ్యబాబోయ్, తోళ్ళా?" అంది. నాకంటే ఆవిడే ఎక్కువ కంగారుపడింది. నన్ను వంటగదిలోకి రమ్మని ఒక్కొక్కటీ తీసి చూపించింది. పాల డబ్బా మీద పచ్చ చుక్క ఉంది. ఎర్ర బొబ్బర్ల పాకంలో పంచదార తప్ప ఏమీ లేదు. బియ్యప్పిండి వాళ్ళ అత్తగారు తెనాలిలో మర పట్టించి పంపిందట. అన్నీ పాస్ అనుకుంటూ వస్తున్నాను. చివర్లో రెండు కవర్లు మిగిలాయి. ఒకదాంట్లో తెల్లటి మార్ష్‌మాలో మిఠాయి ముక్కలు, రెండోదాంట్లో పాల మంచులో కలిపే పొడి. రెంటి మీదా ఒక్క అక్షరం లేదు.

ఆవిడ హోల్‌సేల్ కొట్టుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"మామూలుగా వెజ్జేనండీ" అన్నాడతను.

"మామూలుగా అంటే?" అన్నాను.

"కంపెనీ మారుతుంటది కదండీ. పెద్ద పెట్టెల్లో వస్తే మేం కవర్లలో పోసి అమ్ముతాం."

"ఆ పెట్టె మీద ఏముందో ఒకసారి చూస్తారా?"

"పెట్టెలన్నీ పాత పేపర్లోళ్ళకి వేసేశామండీ."

ఆ పొడి చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూశాను. వాసన లేదు. సముద్రపు నాచు నుంచి తీసింది కావచ్చు, జెలటిన్ కావచ్చు. ల్యాబ్‌కి పట్టుకెళ్ళినా మా మిషన్లు ఈ పనికి రావు. ఇది లేకుండా చేయగలరా అని అడిగాను. పొద్దున్నే మొత్తం పాలల్లో కలిపేశామని ఆవిడ నొచ్చుకుంటూ చెప్పింది.

బయటికొచ్చేసరికి అమ్మాయిలు వచ్చి కూర్చున్నారు. చెల్లి నా మొహం చూసింది. నేను నోరు తెరవకముందే స్నేహితురాలి వైపు తిరిగి, "గొంతు నొప్పే నాకు. చల్లవి వద్దు" అంది.

"ఇందాక ఆటోలో పాటలు పాడావుగా!"

"అందుకే పోయింది."

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. కాసేపు మెనూ తిరగేసి, "అయితే హాట్ చాక్లెట్ తాగు. గొంతుకి మంచిది" అంటూ కౌంటర్ దగ్గరికి తనే వెళ్ళింది.

పాలు, కోకో. అంతవరకూ ఇబ్బంది లేదు. ఓనరు కప్పు నింపి, తెల్ల ముక్కల కవరు మీద చెయ్యి పెట్టి ఆగింది. "పైన ఇవి వెయ్యమంటారా?" అని ఆ అమ్మాయిని అడుగుతూ నా వైపు చూసింది.

వద్దంటే ఎందుకో చెప్పాలి. చెప్తే గొంతు నొప్పి అబద్ధమని తెలిసిపోతుంది. నీ కోసమే అని వెతికి పట్టుకున్న చోటు కూడా పనికిరాలేదని ఆ అమ్మాయికి పుట్టినరోజు నాడు తెలుస్తుంది. నేను ఆలోచిస్తూనే ఉన్నాను.

"నిండా వెయ్యండండీ" అంది ఆ అమ్మాయి.

చెల్లి ఆ కప్పుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వేడిగా ఉందంది. తెల్ల ముక్కలు మెల్లగా కరిగి అంచులదాకా పాకాయి. ఆ అమ్మాయి వంగి ఊదింది. "ఆరిందిలే, తాగవే ఇంక."

"ఇంటికి పట్టుకెళ్తా. పడుకునే ముందు తాగితే గొంతు సర్దుకుంటది" అంది చెల్లి. ఆ అమ్మాయే మూత పెట్టించి, టేపు వేయించి ఇచ్చింది.

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడు వెనక నుంచి చెల్లి అడిగింది. "హలాల్ కాదని తెలిసిందా?"

"లేదే. ఏదీ తెలియలేదు."

"మరి ఇంకెలా తెలుస్తది?"

పచ్చ లైటు పడింది. ఒలక్కుండా నెమ్మదిగా పోనిచ్చాను.

అమ్మ తలుపు తీసి, చెల్లి చేతిలో కప్పు చూసి, నన్ను అడిగింది. "ఏం తేలిందిరా?"

పాసో ఫెయిలో, ఇద్దరికీ నా నోటి నుంచి ఒక్క మాట కావాలి. చెల్లి కూడా నా వైపే తిరిగింది, కప్పు ఇంకా రెండు చేతుల్తో పట్టుకునే.