స్ట్రోలర్ తోసుకుంటూ ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా

మా ఆవిడ స్వరూప దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌లో పనిచేస్తుంది. పాప పుట్టాక ఏడు నెలలు ఇంట్లో ఉండి, ఆ సోమవారమే మళ్లీ డ్యూటీలో చేరింది. పెళ్లికార్డులు, ఫ్లెక్సీల డిజైన్లు ఇంట్లో కంప్యూటర్ మీదే చేసేవాణ్ని కాబట్టి, పాపను చూసుకోవడం పెద్ద పనేమీ కాదని నేనే ధీమాగా ఒప్పుకున్నాను. మా పాప కెజియా మాత్రం ఒప్పుకోలేదు. పొద్దున రెండు చెంచాల ఉగ్గు తింటుంది, ఆ తర్వాత పాలసీసా నోటి దగ్గరికి తెస్తే తల తిప్పేస్తుంది. సీసా మార్చాను, పీక మార్చాను, చెంచాతో పట్టాను, గిన్నెతో పట్టాను. మూడు రోజులూ మధ్యాహ్నం నుంచి వాళ్లమ్మ ఇంటికి వచ్చేదాకా ఏడుపే. గురువారం పొద్దున స్వరూప జడ వేసుకుంటూ, "ఇగ నాతోని కాదు. ఆడ నాకు పాలు గడ్డకట్టి నొప్పి, ఈడ ఇది ఆకలికి ఏడుసుడు. రేపట్నించి రానని ఇయ్యాల మేడంకు చెప్పేస్త" అంది.

ఆ ఉద్యోగం ఆమెకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. వచ్చినామె ముఖం చూసి ఏ రంగు చీర తీయాలో చెప్పగల మనిషి. "మధ్యాహ్నం నీ లంచ్ టైముకు పాపను నేనే తీసుకొస్త, ఈ ఒక్క దినం ఆగు" అన్నాను. ఆమె నా ఎడమకాలు వైపు చూసింది. రెండేళ్ల కింద బైకు మీంచి పడితే అందులో రాడ్డు వేశారు. బండి నడపడం మానేశాను, బరువు ఎత్తుకుని నడవొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కెజియా ఎనిమిది కిలోలు. పోనీ ఆటోలో వెళ్దామంటే ఒకవైపుకే నూట యాభై అడుగుతారు, రోజూ రానూపోనూ అంటే మా వల్ల అయ్యేది కాదు. మిగిలింది స్ట్రోలర్. నాగోల్‌లో ఒకళ్ల బాబు పెద్దవాడైతే వాళ్ల దగ్గర పద్దెనిమిది వందలకు కొన్నాం. ఆరు కిలోలు ఉంటుంది, మడిస్తే గొడుగంత అవుతుంది. అప్పటిదాకా అది మా కాలనీ గేటు దాటలేదు.

స్వరూపకు లంచ్ ఒకటిన్నర నుంచి రెండు దాకా. ఇంటి నుంచి ఎల్బీనగర్ మెట్రోకు కిలోమీటరు లోపే. అయినా పన్నెండున్నరకే బయల్దేరాను. పాపకు బెల్టు పెట్టి, స్వరూప కోసం నేనే వండిన గోంగూర పప్పు, అన్నం స్టీలు క్యారియర్‌లో సర్ది, ఆ సంచి స్ట్రోలర్ పిడికి తగిలించాను. సంచి తగిలించడానికే ఆ పిడి పెట్టారని అప్పట్లో నా నమ్మకం. సందు చివర ఇస్త్రీ చేసే యాదగిరి పెట్టె పక్కన పెట్టి మరీ చూశాడు. "ఏందన్నా, వదినె లేదా? పిల్లను బండ్ల ఏసుకొని పోతున్నవ్!" అన్నాడు. "వదినె దగ్గరికే పోతున్న" అన్నాను.

మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్ ఉందా అంటే ఉంది. దాని మీద కరెంటు డబ్బా, టీకొట్టు సిలిండర్, వరసగా బైకులు కూడా ఉన్నాయి. కాబట్టి రోడ్డు అంచునే పట్టుకుని నడిచాను. ఈ తేలిక స్ట్రోలర్ల చక్రాలు చాలా చిన్నవి. సిమెంటు రోడ్డు మీద జారిపోతున్నట్టు వెళ్తాయి గానీ, మ్యాన్‌హోల్ మూత సందులో పడితే అక్కడే ఆగిపోతాయి. స్పీడ్‌బ్రేకర్ వస్తే ముందు చక్రాలు ఎత్తి దాటించాలి. నాలుగోసారికి చేతులకు అలవాటైంది. స్టేషన్ దగ్గర ఎస్కలేటర్ జోలికి పోకుండా లిఫ్టు ఎక్కాను. అప్పటికి ఒంటిగంట. నన్ను నేను మెచ్చుకున్నాను కూడా, తొందరపడి.

తనిఖీ దగ్గర గార్డు మర్యాదగానే అన్నాడు: "సార్, పాపను జర ఎత్తుకోర్రి, బండి చెక్ చెయ్యాలె." బెల్టు విప్పి పాపను ఎత్తుకున్నాను, అంతే. ముందున్న ఎనిమిది కిలోలు పోయేసరికి పిడికి వేలాడే క్యారియర్ బరువుకు స్ట్రోలర్ ఎగిరి వెనక్కి పడింది. క్యారియర్ క్లిప్పు ఊడి, పప్పూ అన్నమూ ఆ తళతళలాడే నేల మీద పరుచుకున్నాయి. క్యూలో ఉన్నవాళ్లు కాళ్లు వెనక్కి తీసుకున్నారు. కెజియా ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. నాకు సిగ్గేసింది. దాని కంటే భయం ఎక్కువ వేసింది, ఎందుకంటే అంత సులువుగా పడే బండిలో పిల్లను కూర్చోబెట్టి అరగంట తోశాను. దయచేసి పిడికి ఏదీ తగిలించకండి. బరువైనవి కింది బుట్టలో పెట్టండి, లేదా వీపుకు వేసుకోండి.

పేపరు ముక్కతో అన్నం ఎత్తబోతుంటే, నేల తుడిచే పెద్దమ్మ నా చేయి పట్టుకుని ఆపింది. "కొడుకా, పిల్ల మంచిగుంది గద. గీ అన్నానికి ఎందుకు పరేషాన్ అయితవ్? నువ్వు పో, నేను తుడుస్త" అంది. ఆమెకు దండం పెట్టి ప్లాట్‌ఫాం మీదకు వెళ్లేసరికి ఒకటీ ఇరవై. పాపకు టికెట్ అక్కర్లేదు, నాకు ముప్పై రూపాయల లోపే. రైల్లో తలుపు పక్కన ఖాళీ జాగాలో నిలబడి స్ట్రోలర్ బ్రేకు కాలితో నొక్కాను. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, తర్వాత మన స్టేషనే. కెజియా మాత్రం ఆపకుండా ఏడుస్తోంది. స్వరూప ఫోన్ చేసింది. "యాడున్నవ్? దాని ఏడుపు ఇనొస్తుంది" అంది. "వస్తున్న" అన్నాను. క్యారియర్ సంగతి చెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి లిఫ్టులో కిందికి వచ్చాక అసలు పరీక్ష మొదలైంది. షాపు మూడు వందల మీటర్లే. ఆ మూడు వందల మీటర్లలో నైటీలు, చెప్పులు, ఫోన్ కవర్లు, కోసిన పుచ్చకాయలు అమ్మే బండ్లు. వాటి మధ్య మనిషి పక్కకు తిరిగి దూరగలడు, స్ట్రోలర్ పక్కకు తిరగదు. కాలు సలపడం మొదలైంది. పాపను ఎత్తుకుని, బండి ఇక్కడే వదిలేసి పోదామా అనిపించింది. కానీ ఈ రోజు ఎత్తుకుని వెళ్తే రేపు మళ్లీ వెళ్లలేను. రేపు వెళ్లలేకపోతే ఈ రోజు వెళ్లి లాభం లేదు. అందుకే నైటీలతని ముందు నిలబడి, "అన్నా, దీనికి ఆకలైతుంది, వాళ్లమ్మ ఆ షాపుల ఉంది, పావుగంటే టైముంది" అని ఉన్నమాట చెప్పేశాను. అతను పిల్లను చూశాడు. తోపుడుబండి పక్కకు లాగి, మెడ సాచి అవతలివాడికి కేకేశాడు: "అరే, జరుగుర్రి! పిల్ల బండొస్తుంది, పాలకు పోతుంది!" అవతలివాడు ఆ పక్కవాడికి చెప్పాడు. బండ్లు ఒక్కొక్కటే జరిగాయి. లిఫ్టు దిగినప్పటి నుంచి వీళ్లను మనసులో ఎన్ని తిట్టానో గుర్తొచ్చి ముఖం ఎత్తలేకపోయాను.

స్వరూప షాపు మెట్ల మీదే నిలబడి ఉంది. ఒకటీ నలభై ఎనిమిది. వంగి చూస్తే కెజియా నిద్రపోయింది! ఏడ్చి ఏడ్చి, ఆ చివరి ఊపుకు. స్వరూప ఎత్తుకుని పైన చీరల స్టాకు గదిలోకి వెళ్లింది. తోటి సేల్స్ అమ్మాయిలు ఇద్దరు పట్టుచీర ఒకటి అడ్డంగా పట్టుకున్నారు. నేను బయట తలుపు దగ్గర గడియారం చూస్తూ నిలబడ్డాను. లోపల పాదాలు గిల్లుతున్నారు, పేరు పెట్టి పిలుస్తున్నారు. పిల్ల మూలిగి మళ్లీ పడుకుంటోంది. ఒకటీ యాభై నాలుగుకు స్వరూప గొంతు వినబడింది, చిన్నగా: "తాగుతుంది." నేను గోడకు ఆనుకున్నాను.

రెండు గంటలకు ఫ్లోర్ ఇన్‌ఛార్జి పైకి వచ్చారు. గుంటూరు వైపు ఆవిడ. తలుపు దగ్గర నుంచే అడిగారు: "స్వరూపా, పొద్దున వచ్చి రేపటి నుంచి రానన్నావు కదా, వేరే అమ్మాయికి ఫోన్ చేయమంటావా? ఏ సంగతో ఇప్పుడే చెప్పమ్మా." చీర అవతలి నుంచి స్వరూప జవాబిచ్చింది: "వద్దు మేడం. నేనొస్త. రేపు మా ఆయన టైముకు తెస్తడు." ఇన్‌ఛార్జి నా వైపు తిరిగి, "కంగారు పడకండి బాబూ, కడుపునిండా తాగనివ్వండి. అప్పటిదాకా కౌంటర్ నేను చూసుకుంటాను" అని కిందికి వెళ్లిపోయారు. క్యారియర్ కథ అప్పుడు చెప్పాను. స్వరూప నవ్వి, అమ్మాయిల డబ్బాల్లోంచి తలా ఇంత పెడితే తినేసి డ్యూటీకి దిగింది.

మూడు వారాలు గడిచాయి. ఆదివారం తప్ప రోజూ వెళ్తున్నాను, ఆలస్యమైంది రెండుసార్లే. స్ట్రోలర్ ఉంటే అన్నీ సులువని చెప్పను, మన రోడ్లు దానికోసం వేసినవి కావు. కానీ ఎవరో ఒకరు రోజూ దాన్ని తోసుకుంటూ వెళ్తే జనం చూసి జరగడం నేర్చుకుంటారని మాత్రం చెప్పగలను. ఇన్నేళ్లూ స్వరూప ఉద్యోగమంటే ఆమె ఒక్కతే చేసేదనుకున్నాను. అందులో నేను మోయాల్సిన భాగం ఇంత ఉందని నాకిప్పుడే తెలిసింది. ఇలా వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: ముందురోజు అదే వేళకు, పాప లేకుండా, ఖాళీ బండితో దారంతా ఒకసారి తిరిగి రండి. లిఫ్టు ఏ వైపుందో, చక్రం ఎక్కడ ఇరుక్కుంటుందో తెలుస్తుంది. ఖాళీ బండి తోస్తుంటే జనం నవ్వుతారు. నవ్వనివ్వండి, మీకోసం అక్కడ మెట్ల మీద ఎవరు నిలబడి ఉంటారో వాళ్లకు తెలియదు.