ఎస్తేరప్ప రెండో సంచీ

చేతులకు రాసుకునే స్పిరిటు వాసన ఎక్కడ తగిలినా నాకు ఉక్కపోస్తుంది. అరసవల్లిలో మా కుట్టు కొట్టు గుర్తొచ్చి, ఫ్యాను ఆపేశారేమోనని తల పైకెత్తి చూస్తాను. ఆ కొట్టు యజమాని ఎస్తేరప్ప. నాకు కత్తెర పట్టడం నేర్పింది ఆవిడే, నోరు పారేసుకోవడం నేర్పిందీ ఆవిడే.

ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. వారంలో సగం రోజులు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకుంటూ కూర్చుంటే కొట్టు మూతపడినట్టే. అందుకని డాక్టరు ఇంట్లోనే చేసుకునే డయాలసిస్ పెట్టాడు. పొట్టకు అమర్చిన గొట్టంలోంచి సంచీడు మందునీళ్లు లోపలికి పోసుకుని, కొన్ని గంటలయ్యాక ఒంట్లోని చెడుతో సహా బయటికి తీసెయ్యాలి. కిడ్నీలు ఇంకా కొంత పనిచేస్తున్నాయి గనుక ప్రస్తుతానికి రోజుకు ఒక్క సంచీ చాలు, అవి నీరసించినకొద్దీ పెంచుదాం అన్నాడు. చేతులకు స్పిరిటు రాసుకుని సంచీ తగిలించేటప్పుడు దుమ్ము పడకూడదని కొట్టు వెనక గది తలుపు మూసి, ఫ్యాను ఆపమన్నారు. ఆవిడ ముందువైపు కొట్టులో ఫ్యాను కూడా ఆపించేది. "గాలికి గోడలేటి తెలుస్తాయే?" అనేది. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు మాతో పాటు చెమటలు కక్కేవారు.

పరామర్శకు వచ్చిన మరిది పెదవి విరిచాడు. "ఒక్క సంచీయేనా వదినా? మా పక్కింటాయనకి నాలుగు పెట్టారు. నీకు పీనాసి డాక్టరు దొరికినాడు."

"పెళ్లి జాకెట్టుకి లోపల గుడ్డ వదుల్తాం కదరా. ఒళ్లు సేస్తే విప్పుకుంటాం. మొదలే లూజు కుట్టించుకుంటే ఏటి బావుంటాది?" అందావిడ.

కొన్నాళ్లకు డాక్టరు రెండో సంచీ మొదలుపెట్టమన్నప్పుడు ఆ జ్ఞానమంతా ఏ గంగలో కలిసిందో! కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు, మిషను తొక్కితే ఆయాసం. అయినా ఒప్పుకోదు.

"ఒకటైతే మందు. రెండైతే నాను రోగిష్టిదాన్ని. సెప్పులోడు సైజు తప్పినాడు, అంతే."

నాకు భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. టేపు తీసి ఆవిడ చీలమండకు చుట్టాను. "నా ఒళ్లు పెరగనేదు, నీ కుట్టే బిగిసిందని వాదించే ఆడోళ్లని నువ్వేటని తిడతావప్పా?" అన్నాను.

ఎగాదిగా చూసింది. "బయటికి పో" అంది. పోయాను. వెనక గది తలుపుకి గడియ పడింది. మిషను ముందు కూర్చున్నానే గానీ ఒక్క కుట్టూ సరిగ్గా పడలేదు. కాసేపటికి లోపల్నుంచి కేక.

"ఒసే, ఫ్యాను ఆపు! రెండోది ఎక్కిస్తన్నాను."

తర్వాత మెల్లగా సంచీలు పెరుగుతూనే వచ్చాయి. ఆవిడ ఉన్నన్నాళ్లూ కొట్టు మాత్రం మూతపడలేదు. ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఉన్న కొలత ఉన్నట్టు మొహం మీదే చెబుతాను. కొందరు మూతి ముడుచుకుని ఇంకో కొట్టు చూసుకుంటామని వెళ్లిపోతారు. క్రిస్మస్‌కి మళ్లీ నా దగ్గరికే వస్తారు. తిట్టడానికైనా ఎస్తేరప్ప కూడా ఒక్కసారి అలా వస్తే బాగుణ్ణు.